వాగులో మిగిలిన పాదరసం

సమూయేలు సొంత ఊరు చీరాల. అక్కడ ఒక పొగాకు కంపెనీలో జీతాల లెక్కలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు. కోబాల్ తప్ప వేరే భాష ముట్టుకోలేదు. తన తర్వాత చేరిన కుర్రాళ్లు కొత్తవి నేర్చుకుని హైదరాబాదు దారి పడుతుంటే, తన విద్యకు కాలం చెల్లిందని సరిపెట్టుకున్నాడు. అలాంటిది తొంభై ఏడులో ఉన్నట్టుండి కోబాల్ వచ్చినవాళ్ల కోసం వెతుకులాట మొదలైంది. రెండువేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తారీఖులు తప్పుగా చదువుతాయని బ్యాంకులు, బీమా కంపెనీలు హడలిపోతున్న రోజులవి. నలభై దాటిన వయసులో సమూయేలు భార్య ప్రేమలీలనూ, చిన్న కూతురు జెన్సీనీ వెంటబెట్టుకుని సిడ్నీలో దిగాడు. టూంగాబీలో అద్దె ఇల్లు, సిటీలో ఒక బీమా కంపెనీలో కాంట్రాక్టు.

మనిషి భారీగా ఉండేవాడు, గొంతు అంతకంటే భారీ. ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాల్లో తెలుగువాళ్ల ప్రార్థన జరిగేది. పాట ఎత్తుకునేది సమూయేలే. పార్కులో మాంసం కాల్చుకునే బార్బెక్యూ విందు పెట్టుకున్నారంటే పొయ్యి దగ్గర నిలబడేదీ ఆయనే. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు అద్దె ఇల్లు చూపించడం, మంచం మోసుకురావడం ఆయన పని. ప్రేమలీల చీరాలలో నర్సు. ఇక్కడ ఆ సర్టిఫికెట్ చెల్లక వృద్ధుల కేర్ హోంలో పనికి కుదిరింది. ఇంట్లో మాటలన్నీ ఆయనవే, ఆవిడ నవ్వుతూ వినేది.

రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు. ఫిబ్రవరిలో సమూయేలు కాంట్రాక్టు ఆగింది.

జావా నేర్చుకుందామని క్లాసులో చేరాడు. పక్కన కూర్చున్నవాళ్లంతా ఇరవై ఏళ్ల పిల్లలు. ఇంటర్వ్యూలకు వెళితే, పాత సిస్టమ్స్ పని ఇక లేదండీ అని మర్యాదగా పంపేసేవారు. అయినా బాధపడే రకం కాదు. ప్రేమలీల డ్యూటీకి వెళితే వంట చేసి, జెన్సీని బడికి దింపి, దారిలో కనిపించిన ప్రతివాడితో కబుర్లు చెప్పి వచ్చేవాడు.

ఈస్టరుకు ప్రార్థనవాళ్లంతా బ్లూ మౌంటెన్స్ దాటి, బాథర్స్ట్ అవతల ఒక వాగు పక్కన డేరాలు వేసుకున్నారు. అక్కడే సమూయేలుకు ఆల్ఫ్ పరిచయమయ్యాడు. డెబ్బై దాటిన ముసలాయన, వాగు ఒడ్డున చక్రాల మీది ఇల్లులాంటి పాత కారవాన్‌లో ఒంటరిగా ఉంటున్నాడు. మనుషులు దగ్గరికి వస్తే మొహం పక్కకు తిప్పుకుంటాడు. చేతులు వణుకుతుంటాయి. వెడల్పాటి ఇనుప పళ్లెంలో ఇసుక వేసుకుని నీళ్లలో తిప్పుతుంటే, అడుగున సన్నటి పసుపు గీత మిగిలింది. సమూయేలు నీళ్లలోకి దిగి పక్కన కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. ఎవరితోనూ పొసగని ఆ ముసలాయన ఈయన కబుర్లను మాత్రం ఎందుకో సహించాడు.

ఆల్ఫ్ వాళ్ల తాత బంగారం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. తండ్రి వాగు పక్కన రాళ్లు దంచే మిల్లులో పనిచేశాడు. గనిలోంచి వచ్చిన రాతిని పిండి చేసి, నీళ్లతో కలిపి, పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారించేవారు. పాదరసానికి బంగారమంటే ఆశ, దొరికిన ప్రతి రేణువునూ పట్టుకుంటుంది. తర్వాత ఆ ముద్దను రేకుల మీంచి గీకి నిప్పు మీద పెడితే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. అప్పట్లో ఒలికిపోయిన పాదరసం మాత్రం ఎక్కడికీ పోలేదు. వాగు అడుగున రాతి పగుళ్లలో బంగారాన్ని కరుచుకుని, పిసికిన పిండిలా బూడిదరంగు ముద్దలుగా ఉండిపోయింది.

మొదటి ముద్దను ఆల్ఫ్ పార మీద పెట్టి కాల్చి చూపించాడు. బంగాళాదుంపను రెండుగా కోసి, ఒక సగం తొలిచి, దాన్ని ముద్ద మీద బోర్లించాడు. వేడికి లేచే పాదరసం దుంపలోకి ఎక్కుతుంది. దుంపను నలిపి కడిగితే పాదరసం మళ్లీ చేతికొస్తుంది. తండ్రి నేర్పిన పద్ధతి అన్నాడు. గాలి ఎప్పుడూ మన వీపు వైపు నుంచే ఉండాలని కూడా అన్నాడు. ఎందుకని సమూయేలు అడగలేదు. చీరాలలో చిన్నప్పుడు పగిలిన థర్మామీటర్లోంచి పాదరసం అరచేతిలో దొర్లించి ఆడుకున్నవాడే. దాన్ని చూసి భయపడాలని ఎవరూ చెప్పలేదు.

దుంప ఎత్తేసరికి పార మీద పసుపుపచ్చగా బఠాణీ గింజంత బంగారం. సమూయేలు దాన్ని జేబులో వేసుకుని టూంగాబీ దాకా తడుముకుంటూనే వచ్చాడు. ఇన్నేళ్లు రాసిన ప్రోగ్రాముల్లో చేత్తో పట్టుకుని భార్యకు చూపించడానికి ఒక్కటీ లేదు. ఇది ఉంది.

అప్పటి నుంచి ప్రతి శనివారం వాగుకే. ఇంట్లో కూర్చుని దిగులుపడే కన్నా నయమని ప్రేమలీల కూడా అడ్డు చెప్పలేదు. జూన్ వచ్చేసరికి అక్కడి చలికాలం, పైగా వానలు. వాగు దగ్గర నిప్పు నిలవడం లేదు. సమూయేలు ముద్దలను ఇంటికి తెచ్చి గ్యారేజ్‌లో కాల్చడం మొదలుపెట్టాడు. చలిగాలి రాకుండా షటర్ దించేవాడు. గ్యారేజ్ గోడకు అవతల జెన్సీ గది. ఇంట్లోకి వెళ్లే తలుపు కింద సందు ఉంది. దుంపలు నలపడానికి చిన్న రోలు ఒకటి కావాలి. అది వంటింట్లో ఉండనే ఉంది.

ఒకరోజు కెమెరా రీలు డబ్బాలో కాస్త పాదరసం పోసి జెన్సీకి ఇచ్చాడు. పిల్లకు దొరకని నిధి దొరికినట్టయింది. అమ్మ డ్యూటీకి వెళ్లాక మూత తీసి, ముత్యాల్లా కార్పెట్ మీద దొర్లించుకుని, మళ్లీ కాగితంతో ఎత్తి డబ్బాలో పోసుకునేది. ఎత్తినవి ఎత్తగా మిగిలినవి కార్పెట్లోకి దిగిపోయేవి.

ఆగస్టులో సమూయేలు మారడం మొదలైంది. పాట ఎత్తుకోవడం మానేశాడు. గొంతు బాగాలేదన్నాడు. తర్వాత ప్రార్థనకే రానన్నాడు. ఫోన్ మోగితే పక్క గదిలోకి పోయేవాడు. చేతులు వణికి, గడ్డం గీసుకుంటే చెంప నిండా గాట్లు. నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉందని, ఏది తిన్నా రుచి లేదని కసురుకునేవాడు. పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం. కూరలో ఉప్పు తగ్గిందని ఒకరోజు పళ్లెం గోడకేసి కొట్టాడు. పెళ్లయినప్పటి నుంచి గట్టిగా ఒక్క మాట అనని మనిషి. కొట్టాక గోడవైపు తిరిగి ఏడ్చాడు. ప్రేమలీల ముక్కలు ఏరుకుంటూ కూర్చుండిపోయింది.

సెప్టెంబరులో ఒలింపిక్స్. ఊరంతా పండగలా ఉంది. సమూయేలు పాత స్నేహితుడు రామ్మోహన్ హాకీ మ్యాచ్‌కు టికెట్లు సంపాదించి భార్యాభర్తలిద్దరినీ ఆటలు జరిగే హోంబుష్‌కు తీసుకెళ్లాడు. స్టేషన్ బయటికి రాగానే జనాన్ని చూసి సమూయేలు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"అందరూ నన్నే చూస్తన్నారు. నేను రాలేను, ఇంటికి తీసుకుపో" అన్నాడు.

చీరాల రైల్వే స్టేషన్లో ముక్కూమొహం తెలియని జనంతో పాటలు పాడించిన మనిషి నోట ఆ మాట విని ప్రేమలీల ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి రైలెక్కించింది. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఉద్యోగం పోయిన మగవాళ్లకు ఇది మామూలే అని, దిగులు తగ్గడానికి మాత్రలు రాసిచ్చాడాయన. మాత్రలతో ఏమీ తగ్గలేదు. పాస్టరు గారు ఒకరోజు ఆవిడను పక్కకు పిలిచి, సమూయేలు తమ్ముడికి తాగుడు అలవాటేమైనా అయిందా అమ్మా అని మెల్లగా అడిగారు. ఆ చేతుల వణుకు చూసి అందరూ అదే అనుకుంటున్నారని అప్పుడు తెలిసింది. లేదండీ అని చెప్పింది గానీ, ఇంటికొచ్చి గ్యారేజ్ అంతా సీసాల కోసం వెతికింది. సీసాలు లేవు. పొయ్యి, పార, దుంప తొక్కలు ఉన్నాయి.

అక్టోబరులో జెన్సీ మంచాన పడింది. ముందు ఊరికే చెమటలు. తర్వాత అరచేతులు, అరికాళ్లు గులాబీ రంగుకు తిరిగి, వాచి, తోలు ఊడడం మొదలైంది. వెలుతురు చూడలేక దిండులో మొహం దాచుకునేది. కాళ్లు ముట్టుకోనిచ్చేది కాదు.

"మమ్మీ, డోంట్ టచ్. ఇట్స్ బర్నింగ్" అనేది. అంతకు మించి మాట్లాడేది కాదు. గెంతుతూ తిరిగే పిల్ల నడవడమే మానేసింది.

సబ్బు పడలేదన్నారు, వైరస్ అన్నారు. చివరికి బీపీ చూసి కంగారుపడి పిల్లల ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఎనిమిదేళ్ల పిల్లకు ముసలివాళ్లకుండేంత బీపీ. కడుపులో గడ్డ ఉందేమోనని స్కానింగులు తీశారు. గడ్డ లేదు. ప్రేమలీల మంచం పక్కనే ఉంది. సమూయేలు రోజూ వచ్చేవాడు గానీ, తలుపు దగ్గరే గోడవైపు తిరిగి నిలబడేవాడు. నర్సులు ఆయన్ను వింతగా చూసేవారు.

ఆ ఆసుపత్రికి అప్పుడప్పుడూ వచ్చి విద్యార్థులకు పాఠం చెప్పే రిటైరైన డాక్టరు ఒకాయన ఉన్నాడు, మెక్కే అని. విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ గదిలోకి వచ్చి, జెన్సీ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. పాఠం ఆపేశాడు. రెండో చెయ్యి చూశాడు, దుప్పటి ఎత్తి అరికాళ్లు చూశాడు. తను విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఇలాంటి పిల్లలతో వార్డులు నిండి ఉండేవని, దీన్ని గులాబీ జబ్బు అనేవారని, పళ్లు వచ్చే పిల్లలకు వేసే పొడిలో పాదరసం కలపడం వల్ల వచ్చేదని, ఆ పొడులు మానేశాక జబ్బే మాయమైందని చెప్పాడు. మళ్లీ చూస్తాననుకోలేదన్నాడు. తర్వాత ప్రేమలీల వైపు తిరిగి, మీ ఇంట్లో పాదరసం ఏమైనా ఉందా అని అడిగాడు.

ప్రేమలీల లేదంది.

"ఉంది" అన్నాడు తలుపు దగ్గర నుంచి సమూయేలు. "నేనే తెచ్చా."

ఆ తర్వాత డాక్టరు ఒక్కొక్కటే అడుగుతుంటే సమూయేలు గోడకేసి చూస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. ఎక్కడ కాల్చేవారు? గ్యారేజ్‌లో. కిటికీ ఉందా? లేదు. పిల్ల అక్కడికి వచ్చేదా? వచ్చేది. డబ్బాలో పోసి తనకిచ్చాను, ఆడుకునేది. దుంపను ఏం చేసేవారు? రోట్లో నలిపేవాణ్ణి.

అప్పటిదాకా బొమ్మలా వింటున్న ప్రేమలీల లేచి నిలబడింది.

"ఏ రోట్లో?"

"మన రోట్లోనే. కడిగి పెట్టేవాణ్ణి."

చీరాల నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్న రోలు. రోజూ అల్లం వెల్లుల్లి నూరింది అందులోనే. ఆవిడ బాత్రూంలోకి పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. నోట్లోకి పోయిన దానికంటే ఇంటి నిండా పట్టిన ఆవిరే అసలు విషమని మెక్కే తర్వాత వివరించాడు గానీ, ఆ మాట ఆవిడ చెవికెక్కలేదు.

ముగ్గురికీ పరీక్షలు చేశారు. ముగ్గురి ఒంట్లోనూ పాదరసం ఉంది. సమూయేలు ఒంట్లో ఉన్నంత చూసి ల్యాబ్ వాళ్లు పొరపాటేమోనని మళ్లీ చేశారట. మెక్కే భార్యాభర్తలను కూర్చోబెట్టి అప్పుడు చెప్పిన మాట ప్రేమలీల జన్మలో మర్చిపోలేదు. ఈయనకు వచ్చింది దిగులు కాదమ్మా అన్నాడు. పాదరసం మెదడుకు ఎక్కితే మనిషి పదిమందిలోకి రావడానికి సిగ్గుపడతాడు, చిన్నదానికి మండిపడతాడు, చేతులు వణుకుతాయి. పాదరసం తవ్విన గనుల్లోనూ, బంగారం మిల్లుల్లోనూ పనిచేసినవాళ్లకు కొన్ని వందల ఏళ్లుగా ఇదే జరిగింది. వాళ్లను తాగుబోతులన్నారు, పిచ్చివాళ్లన్నారు. చాలామంది ఆ పేరుతోనే చచ్చిపోయారు.

ప్రేమలీల భర్త వైపు చూసింది. ఇన్ని నెలలూ తను కోపగించుకున్నదీ, జాలిపడ్డదీ, ప్రార్థనలో పేరు చెప్పి ఏడ్చిందీ ఎవరి గురించో ఆవిడకు ఒక్కసారిగా అర్థం కాకుండా పోయింది.

ఇంటికి తెల్లటి సూట్లు, ముసుగులు వేసుకున్న మనుషులు వచ్చారు. వాళ్ల చేతిలో పాదరసపు ఆవిరిని కొలిచే మీటరు జెన్సీ మంచం దగ్గర ఆగకుండా మోగింది. కార్పెట్, పరుపులు, సోఫా, బట్టలు, పిల్ల బొమ్మలు అన్నీ ప్లాస్టిక్‌లో చుట్టి పట్టుకుపోయారు. రోలు కూడా. గిరావీన్‌లో రామ్మోహన్ ఇంట్లో తలదాచుకున్నారు. ఒంట్లోంచి పాదరసాన్ని పట్టి లాగే మందు ముగ్గురికీ ఇచ్చారు.

ప్రేమలీల చాలా రోజులు సమూయేలుతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మందు ఇచ్చేది, అంతే. పిల్ల మంచం దిగి మొదటిసారి బాత్రూం దాకా నడిచిన రోజున ఆయన పక్కన వచ్చి కూర్చుంది.

"ఏవండీ, కోపం మీ మీద పెట్టుకోవాలో, ఆ లోహం మీద పెట్టుకోవాలో తెలీటంలా. ఆ పళ్లెం విసిరింది మీరేనా?"

"నేనే" అన్నాడు సమూయేలు. "లోపల నుంచి చూస్తానే ఉన్నా. చెయ్యి ఆపడం నా వల్ల కాలేదు."

ఆవిడ లేచి మందు తెచ్చింది. ఆయన మింగేదాకా నీళ్ల గ్లాసు తనే పట్టుకుంది.

క్రిస్మస్ దాటేసరికి జెన్సీ చేతులకు కొత్త తోలు వచ్చింది. సమూయేలుకు మనుషులంటే బెదురు తగ్గుతూ వచ్చింది గానీ వణుకు పోలేదు. కొత్త ఏడాది కాస్త కుదుటపడగానే ఆయన మొదట అడిగింది ఆల్ఫ్ గురించి. ముసలాయనకు చెప్పాలి అన్నాడు. ప్రేమలీలకు ఆ పేరు వింటేనే ఒళ్లు మండేది. అయినా కారు తనే నడిపింది, ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వొద్దని డాక్టర్లు చెప్పారు.

ఆల్ఫ్ కారవాన్ ముందు కూర్చుని ఉన్నాడు. సమూయేలు జరిగిందంతా చెప్పాడు. పిల్ల సంగతి వినగానే ముసలాయన కళ్లు మూసుకున్నాడు. నువ్వు లోపల కాల్చావా, గాలికి వీపు పెట్టమన్నాను కదా అని మాత్రం గొణిగాడు. సమూయేలు ఆగలేదు. మెక్కే చెప్పిన లక్షణాలు వరసగా చెప్పుకుంటూ పోయాడు. సిగ్గు, కోపం, వణుకు, చిగుళ్లు. మీకూ అదే అయ్యుంటుంది, ఆసుపత్రికి రండి అన్నాడు.

ఆల్ఫ్ కళ్లు తెరిచాడు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాడు సమూయేలు.

అప్పుడు ముసలాయన, ఎవరికీ చెప్పనిది, వాగు వైపు చూస్తూ చెప్పుకొచ్చాడు. తన తండ్రి మిల్లులో రేకుల దగ్గర పనిచేసేవాడు. ఇంటికి ఎవరైనా వస్తే మంచం వెనక దాక్కునేవాడు. చెంచా పట్టుకోలేకపోయేవాడు. ఉన్నట్టుండి గొడ్డలి తీసుకుని కోళ్లగూడు నరికేశాడు. ఆల్ఫ్ పన్నెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు పోలీసులు వచ్చి ఆయన్ను పిచ్చాసుపత్రికి పట్టుకెళ్లారు. అక్కడే పోయాడు. అదే మిల్లులో పనిచేసిన బాబాయి కూడా అంతే. ఇది మీ వంశం రక్తంలో ఉంది, నువ్వు పెళ్లి చేసుకోవద్దని తల్లి ఒట్టు వేయించుకుంది. పాతికేళ్ల వయసులో ఆల్ఫ్ ఒక టీచరమ్మతో పెళ్లి మాట అనుకున్నాడు. డోరీన్ ఆమె పేరు. తండ్రి నేర్పిన పద్ధతిలో చిన్నప్పటి నుంచి ముద్దలు కాలుస్తూనే ఉన్నాడు, సరిగ్గా అప్పుడే తన చేతులు వణకడం గమనించాడు. తనదాకా వచ్చేసిందనుకున్నాడు. ఆమెకు కారణం చెప్పకుండా ఈ వాగు ఒడ్డుకు వచ్చేశాడు. పుట్టబోయే బిడ్డలకు కూడా ఇది అంటించకూడదని.

ప్రేమలీల కారు దగ్గరే నిలబడి వింటోంది. ముసలాయన మీద దాచుకున్న కోపమంతా ఏమైపోయిందో ఆవిడకే తెలియలేదు.

"అయితే రక్తం కాదా?" అని అడిగాడు ఆల్ఫ్.

"కాదు మిస్టర్ ఆల్ఫ్. పాదరసం."

ముసలాయన లేచి టీ పెడతానన్నాడు. కప్పు నిండి, పొంగి, నీళ్లు బల్ల మీద నుంచి ఆయన బూట్ల మీదికి కారుతున్నా కెటిల్ ఎత్తలేదు. ప్రేమలీల వెళ్లి చేతిలోంచి దాన్ని తీసుకుంది. కేర్ హోంలో ముసలివాళ్లను పట్టుకున్నట్టే భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన మొహం పక్కకు తిప్పుకోలేదు. ఆవిడ వైపే చూస్తూ, డోరీన్ చాలా ఏళ్లు ఎదురుచూసిందట, తర్వాత ఎవరో చెప్పారు, అన్నాడు.

ఆసుపత్రిలో ఆల్ఫ్‌కు పరీక్షలు చేస్తే అనుకున్నదే తేలింది. మూత్రపిండాలు సగానికి పైగా దెబ్బతిన్నాయి, ఈ వయసులో చేయగలిగింది తక్కువన్నారు. డోరీన్ కోసం వాకబు చేద్దామా అని సమూయేలు అడిగితే వద్దన్నాడు. ఆమెకు మనవలు ఉంటారు, ఇప్పుడు వెళ్లి ఏం చెప్పను అన్నాడు. ఒక్కటి మాత్రం అడిగాడు, తండ్రిని పాతిపెట్టిన చోటికి తీసుకెళ్లమని.

మార్చిలో ఒక శనివారం ముగ్గురూ వెళ్లారు. పిచ్చాసుపత్రి ఎప్పుడో మూసేశారు. వెనక ఉన్న శ్మశానం కంచె వేసిన ఖాళీ మైదానంలా ఉంది. రాళ్లు లేవు, పేర్లు లేవు, గడ్డిలో అక్కడక్కడా తుప్పు పట్టిన ఇనుప నంబర్లు. ఏది తండ్రిదో ఆల్ఫ్‌కు తెలియదు. గేటు దగ్గరే టోపీ తీసి నిలబడ్డాడు.

"అమ్మకి ఎవరైనా చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒక బేకరీ దగ్గర ఆగి మాంసం కూరి కాల్చిన పైలు తిన్నారు. ఆల్ఫ్ వణికే చేతులతో తింటుంటే పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు చూసి నవ్వుకున్నారు. సమూయేలు లేచి వాళ్ల దగ్గరికి వెళ్లాడు. తగాదా పెట్టుకుంటాడేమోనని ప్రేమలీల భయపడింది. ఆయన వాళ్ల ఎదురు కుర్చీలో కూర్చుని, తన చేతులు కూడా బల్ల మీద పెట్టి, ఇది తాగుడు వణుకు కాదు బాబూ, ఎలా వచ్చిందో చెబుతాను వినండి అని మొదలుపెట్టాడు. కుర్రాళ్లు పైలు చల్లారేదాకా విన్నారు.

మరుసటి శీతాకాలంలో ఆల్ఫ్ పోయాడు. సమూయేలుకు ఒక లైబ్రరీలో పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పే చిన్న ఉద్యోగం దొరికింది. నెలకోసారి, సెలవుల్లో వాగుల వెంట బంగారం వెతుక్కునేవాళ్ల సంఘాలకు వెళ్లి పాదరసం గురించి మాట్లాడేవాడు. బాథర్స్ట్‌లో మాట్లాడిన రోజున, అందరూ వెళ్లిపోయాక కర్ర పట్టుకుని ఒక ముసలామె ముందుకు వచ్చింది. మా ఆయన మిల్లులో రేకుల దగ్గర పనిచేసేవాడు అంది. వణికేవాడు, కేకలేసేవాడు. తాగుతున్నాడని పిల్లల్ని తీసుకుని వదిలేసి వచ్చేశాను. నేను తాగలేదు తాగలేదు అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నేను నమ్మలేదు అంది.

 సమూయేలు కుర్చీ జరిపి ఆమెను కూర్చోమన్నాడు. ప్రేమలీల మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కనే కూర్చుంది. హాలు తాళం వేయడానికి మనిషి వచ్చేదాకా ముగ్గురూ అలాగే ఉన్నారు.